కౌలు రైతుల సర్వేకి ప్రశ్నలు ఎలా రాయాలి?

పీజీ_స్టూడెంట్:
నమస్తే అండి. ఎంఏ ప్రాజెక్టు కోసం తణుకు వైపు ఊళ్లలో కౌలు రైతుల్ని సర్వే చేయాలి. 60 దాకా ప్రశ్నలు రాసుకున్నాను. "గత ఏడాది సాగు ఖర్చు, అప్పు ఎంత?", "పథకాలు, బ్యాంకు రుణాలు సక్రమంగా అందుతున్నాయా?" ఇలా ఉన్నాయి. మా గైడ్ చూసి మార్చుకు రమ్మన్నారు. ఏం మార్చాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గోదావరి_గట్టు:
రెండిట్లోనూ రెండేసి ప్రశ్నలు కలిసిపోయాయి. పథకం డబ్బు పడింది, బ్యాంకు మాత్రం పొమ్మంది అనుకోండి, ఆయన అవునని చెప్పాలా కాదని చెప్పాలా? "ఈ సార్వాకి (ఖరీఫ్‌కి) బ్యాంకులో పంట రుణం అడిగారా? ఇచ్చారా? ఎంత?" అని విడివిడిగా అడగండి. ఏడాది ఖర్చు అడక్కండి, రైతుకి లెక్కంతా సార్వా, దాళ్వా (రబీ) పంటల్లోనే ఉంటుంది. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత, ఒక్కో పని పేరు పెట్టి అడిగి మొత్తం మీరే కూడుకోండి. కౌలు ఎకరాకి ఎన్ని బస్తాలో అడగండి, ఆ బస్తా 75 కిలోలదేనా అన్నది కూడా ఖాయం చేసుకోండి.

లెక్కల_మాస్టారు:
ఎంత కాలానికి అడుగుతున్నామన్నది చిన్న విషయం కాదు. 1999-2000 నేషనల్ శాంపిల్ సర్వేలో తిండి ఖర్చు 7 రోజులకీ, 30 రోజులకీ ఒకే పత్రంలో పక్కపక్కన అడిగారు. ఒక అంకె చెప్పాక రెండోది దానికి సరిపోయేలా చెప్పేస్తారు కదా, అందుకే పాత సర్వేలతో పోల్చడం కుదరదని పేదరికం లెక్కల మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2022-23 సర్వేలో కూరగాయలు, గుడ్లు 7 రోజులకి, బియ్యం, పప్పులు 30 రోజులకి, బట్టలు ఏడాదికి అడిగారు.

కృష్ణా_డెల్టా:
కౌలు కార్డు (కౌలు రైతుగా గుర్తించి ప్రభుత్వం ఇచ్చే కార్డు) ప్రశ్న మొదట్లో పెట్టకండి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూయజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. అలాంటప్పుడు రచ్చబండ దగ్గర పదిమందిలో అడిగితే, పొలం ఎక్కడ పోతుందోనని కౌలు రైతు నోరు విప్పడు. పంట సంగతులన్నీ అయ్యాక, ఆయన ఇంటి దగ్గర అడగండి. యజమాని పేరు అసలు రాసుకోవద్దు. ముందు నలుగురైదుగురితో ప్రశ్నలన్నీ ఒకసారి అడిగి చూసుకోండి, ఎక్కడ తడబడుతున్నారో అక్కడ మీ ప్రశ్న బాగాలేదని అర్థం.

పీజీ_స్టూడెంట్:
చాలా థ్యాంక్స్ అండి. అప్పుకి "వార్షిక వడ్డీ శాతం" అని గడి పెట్టాను, సరిపోతుందా?

గోదావరి_గట్టు:
సరిపోదు. ఊళ్లో వడ్డీ "నూటికి రెండు రూపాయలు" అని చెబుతారు, అది నెలకి. మీ గడిలో 2 అని రాసుకొస్తే 24 శాతం అప్పు కాస్తా 2 శాతం అయిపోతుంది. "నూటికి నెలకి ఎన్ని రూపాయలు?" అని అడిగి, శాతం ఇంటికొచ్చాక కట్టుకోండి.