వేరే కుక్క అగుపడితే చాలు, మా లాబ్రడార్ ఎగబడుతోంది. ఎట్లా మాన్పించాలి?

ఎం.ఆర్.పల్లె, తిరుపతి
రెండేళ్ల మగ లాబ్రడార్, 31 కిలోలు. ఇంట్లో కూర్చో, ఆగు అంటే చక్కగా వింటుంది. పొద్దున యూనివర్సిటీ వైపు వాకింగ్‌కి తీసుకెళ్తే మాత్రం వీధికుక్క అగుపడగానే మొరుగుతా, మనిషిని ఈడ్చుకుపోతుంది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు. ఎవరో చెప్పారని రెండు వారాలుగా చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) వేస్తున్నాం, ఇంకా ఎక్కువైంది. అవతలి సందులో కుక్క మొరిగినా ఉలిక్కిపడుతోంది. బిస్కెట్ చూపిస్తే వాసన కూడా చూడటం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పండి.

బైరాగిపట్టెడ
ముందు ఆ చోక్ చైన్ తీసేయండి సార్. ఇంకో కుక్క అగుపడిన ప్రతిసారీ దాని మెడ నొక్కుకుంటోంది. నేను లాగాను కాబట్టి నొప్పి వచ్చిందని అది అనుకోదు, ఆ కుక్క వచ్చింది కాబట్టి వచ్చిందనుకుంటుంది. ఎక్కువైంది అందుకే.

హార్నెస్ తీసుకోండి, అంటే మెడకు కాకుండా ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ. తాడు తగిలించే రింగు రొమ్ము మీద ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, చంకల దగ్గర ఒరుసుకోకూడదు. తాడు 6 అడుగుల మామూలు నైలాన్‌ది చాలు. బటన్ నొక్కితే సాగే రకం వద్దు, అది ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది.

బిస్కెట్ ముట్టడం లేదంటే మొండితనం కాదు, మీరు చాలా దగ్గరగా ఉన్నారని అర్థం. బెదిరిన కుక్కకు తిండి ఎక్కదు. కుక్కను చూసి కూడా తినగలిగే దూరం ఎంతో ముందు కనుక్కోండి. అది 40 అడుగులు కావచ్చు, 100 కావచ్చు. పని మొదలయ్యేది అక్కడే.

బిస్కెట్ బదులు ఉప్పు, ఉల్లిపాయ, మసాలా లేకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్ శనగగింజంత ముక్కలుగా కోసి నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకోండి. పది నిమిషాలకు 40, 50 ముక్కలు పడతాయి. ఆ మేరకు అన్నం తగ్గించండి, లాబ్రడార్‌కి ఒళ్లు రావడం ఎంతసేపు!

వరస తప్పకూడదు. ముందు మీ కుక్క అవతలి కుక్కను చూడాలి. చూసిన మరుక్షణం 'భేష్' అని ఒకే మాట అని, ముక్క నోటికి అందించాలి. అవతలిది అగుపడుతున్నంతసేపు ఒకదాని వెంట ఒకటి ఇస్తానే ఉండండి, అది పోగానే ఆపేయండి. తిండి ముందు చూపిస్తే మొత్తం తిరగబడుతుంది: చికెన్ బయటికొచ్చిందంటే ఎక్కడో కుక్క ఉందని అది నేర్చుకుంటుంది.

కొన్నాళ్లకు కుక్కను చూసి తనే మీ ముఖం వైపు తిరుగుతుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు అట్లా తిరిగితే రెండు మూడు అడుగులు దగ్గరికి జరగండి. మొరిగిందంటే పాత దూరానికి వెళ్లిపోండి. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టే పని, తొందరపడితే చెడిపోతుంది.

నోటి మీద కన్నేసి ఉంచండి. నాలుక వేలాడేసి నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి నోరు మూసేస్తుంది. చెవులు ముందుకొస్తాయి, బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది, తోక నిక్కుతుంది. మొరగడానికి ముందు మీ చేతిలో ఉండేది ఆ రెండు మూడు క్షణాలే. మీరు కదలాల్సింది అప్పుడే, మొరిగాక కాదు.

కొర్లగుంట
పై మాటలన్నీ నిజమే, కానీ మన ఊళ్లో ఆ దూరం మన చేతిలో ఉండదు. అందుకే ముందు దారి మార్చండి. చికెన్ అంగళ్లు, టీ అంగళ్లు, చెత్త వేసే మలుపులు వదిలేయండి, గుంపులు ఉండేది అక్కడే. ఇరుకు సందులకన్నా రెండువైపులా చూపు ఆనే వెడల్పు రోడ్డు మేలు. ఎండాకాలంలో 6:30 లోపల ఇంటికి వచ్చేయాలి. తారురోడ్డు మీద అరచేతి వెనకవైపు ఏడు క్షణాలు ఆనించి చూడండి. మీకు ఓర్వలేనంత కాలితే దాని పాదాలకూ అంతే.

వీధికుక్క వెంటపడితే పరుగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, రాయి ఎత్తొద్దు. మీరు భయపడితే తాడు బిగుస్తుంది, అది మీ కుక్కకు వెంటనే తెలిసిపోతుంది. గుప్పెడు తిండి ఆ వీధికుక్కకు వెనకగా పడేట్టు విసిరి, పక్కకు వంపు తిరిగి నడిచిపోండి. చాలావరకు అవి తమ వీధి హద్దు దాకానే తరుముతాయి.

ఎం.ఆర్.పల్లె, తిరుపతి
చాలా థ్యాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. మలుపులో ఉన్నట్టుండి ఎదురైతే ఏం చెయ్యాలి? వాసన చూసుకోనిస్తే స్నేహం కుదురుతుందంటారు, నిజమేనా?

బైరాగిపట్టెడ
మలుపుల కోసం వెనక్కి తిరగడం నేర్పండి. ఇంట్లో, మిద్దె మీద 'ఇటు రా' అని హుషారుగా అంటూ వెనక్కి తిరిగి, మీతో వచ్చిన వెంటనే ముక్క ఇవ్వండి. రోజుకు ఇరవైసార్లు, వారంపాటు. ఆలోచించకుండా తిరిగేంత అలవాటయ్యాకే రోడ్డు మీద వాడండి. తిరగడానికి చోటు లేకపోతే ఆగివున్న ఆటో చాటుకు తప్పుకుని, నేల మీద పది ముక్కలు చల్లండి. తల దించి వెతుక్కునేటప్పుడు చూపు తెగుతుంది.

ఎదురెదురుగా, తాడు బిగించి వాసన చూసుకోనివ్వడం వద్దే వద్దు, పోట్లాట మొదలయ్యేది అక్కడే. నెమ్మదైన తెలిసిన కుక్క ఉంటే, రెండింటినీ 50 అడుగుల ఎడంతో ఒకే దిక్కుగా నడిపించండి. తాళ్లు వదులుగా ఉంటేనే ఎడం తగ్గించండి.

బాగా రెచ్చిపోయిన రోజు తర్వాత ఒకటి రెండు రోజులు రోడ్డు మానేసి, ఇంట్లో పాత గోనెసంచి మడతల్లో తిండి దాచి వెతికించండి. ఆ అలజడి గంటలో తగ్గేది కాదు.

తిరుచానూరు
కొర్లగుంట వారు చెప్పినట్టు తిండి విసరడం ఆపదలో సరే గానీ, రోజూ ఒకేచోట చేస్తే ఆ గుంపు మీకోసం అక్కడే కాచుకుంటుంది.

ఒక్కసారిగా ఎక్కువైంది కాబట్టి డాక్టరుకు చూపించడం కూడా అవసరం. చెవిలో చీము, తుంటి నొప్పి ఉన్న కుక్క ఇంకో కుక్కను దగ్గరికి రానివ్వదు. లాబ్రడార్లకు రెండూ మామూలే. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది కదా, అక్కడ చూపించొచ్చు. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల గడువు కూడా చూసుకోండి. ఏ కుక్క పన్ను మీకు గీసుకున్నా ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, గాయం చిన్నదే కదా అని ఆగొద్దు.