కొత్త తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి: ఏమి చేయాలి?

ప్రశ్న

నమస్కారం. పదకొండు రోజుల క్రితం మా ఇంట్లో 40 లీటర్ల గాజు తొట్టిని అమర్చి, అదే సాయంత్రం మూడు చిన్న గోల్డ్‌ఫిష్‌లను అందులో వదిలాము. నాలుగో రోజున నీళ్లు పలుచని పాలలా తెల్లబడ్డాయి. మురికి పట్టిందని భావించి చేపలను బకెట్‌లోకి తీసి, తొట్టిని, అడుగున పరిచిన గులకరాళ్లను, ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగి, పూర్తిగా కొత్త నీళ్లు నింపాను. రెండు రోజులు తేటగా ఉన్న నీళ్లు మళ్లీ తెల్లబడడంతో ఎనిమిదో రోజున కూడా అదే పని చేశాను. మరునాటి ఉదయానికి ఒక చేప చనిపోయింది.

మిగిలిన రెండూ నీటి పైభాగానే నిలిచి, ఆగకుండా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వీపు మీది రెక్కను ముడుచుకొనే ఉంటున్నాయి. తెల్ల చేప తోకలో దారపు పోగుల్లాంటి సన్నని ఎర్ర గీతలు కనిపిస్తున్నాయి. మేత రోజుకు మూడుసార్లు వేస్తున్నాము. ఇది అంటువ్యాధి అయితే ఏ మందు వేయాలో, తొట్టిని ఎన్ని రోజులకొకసారి కడగాలో దయచేసి చెప్పండి. చనిపోయిన చేప మా అమ్మాయి పేరు పెట్టుకున్న చేప. ఈ రెండింటినైనా దక్కించుకోవాలన్నదే మా ఆరాటం.

మొదటి సమాధానం

ముందుగా ఈ పూటే చేయవలసిన పనులు చెబుతాను. జబ్బు మందు ఏదీ వేయకండి. మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్ అంతకంటే ఎక్కువ రోజులైనా మేత లేకుండా ఉండగలదు. తొట్టిలోని నీళ్లలో మూడో వంతు నుంచి సగం వరకు తీసివేసి, క్లోరిన్‌ను విరిచే మందు కలిపిన నీళ్లను, తొట్టి నీళ్లంత చల్లగానో వెచ్చగానో ఉండేలా చూసుకొని, నెమ్మదిగా పోయండి. గాలి పంపు ఉంటే రాత్రింబగళ్లు నడపండి. లేకపోతే ఫిల్టర్ నుంచి వచ్చే ధార నీటి పైభాగాన్ని కదిలించేలా తిప్పి పెట్టండి.

కుళాయి నీళ్లను ఒక రోజు నిలవ ఉంచితే చాలునని చాలామంది చెబుతారు. నీళ్లలో మామూలు క్లోరిన్ కలిపి ఉంటే అది ఎగిరిపోతుంది, నిజమే. కానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలిపిన నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచినా అది పోదు. అందువల్ల మందు కలపడమే నమ్మదగిన పద్ధతి. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే విషాలైన అమ్మోనియాను, నైట్రైట్‌ను కొలిచే చుక్కల మందుల పెట్టెను వెంటనే తెచ్చుకోండి. ఆ రెండు అంకెలు చూడకుండా ఎవరం ఏమి చెప్పినా అది ఊహే అవుతుంది.

రెండవ సమాధానం

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే మీరు అడిగిన అసలు విషయానికి, అంటే ఎన్ని రోజులకొకసారి కడగాలన్నదానికి, నా సమాధానం ఒక్కటే: మీరు కడిగిన పద్ధతిలో ఇకపై ఎప్పుడూ కడగకండి. మీరు శ్రద్ధతో చేసిన ఆ పనే చేపలకు కష్టం తెచ్చింది.

గోల్డ్‌ఫిష్ తన మొప్పల ద్వారా రోజంతా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు కనుక తేటగా మెరిసే నీళ్లలో కూడా చేప మొప్పలు కాలిపోతూ ఉండవచ్చు. తోకలో మీరు చూసిన ఎర్ర గీతలు, పైకి వచ్చి నోరు తెరవడం సాధారణంగా ఆ బాధకు గుర్తులు. స్థిరపడిన తొట్టిలో ఒక జాతి సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది చాలావరకు హాని చేయనిది, వారం వారం కొంత నీరు మార్చితే అదుపులో ఉంటుంది. ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ ఉండేవి కావు. స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్ల మీద పొరలా అంటుకొని పెరుగుతాయి, తగినన్ని తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు తెల్లబడడం వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చేది, దానంతట అదే తగ్గిపోతుంది. దానికి భయపడి మీరు స్పాంజిని రుద్దిన ప్రతిసారీ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న ఆ పొర పోయింది. మిగిలినదాన్ని కుళాయి నీటిలోని క్లోరిన్ చంపివేసింది.

స్పాంజి బాగా మూసుకుపోయి నీటి ధార తగ్గినప్పుడు మాత్రమే, తొట్టి నుంచి తీసిన నీళ్లను ఒక బకెట్‌లో పోసుకొని అందులో రెండుమూడు సార్లు మెల్లగా పిండితే సరిపోతుంది. అది గోధుమ రంగులో జిగటగా కనిపిస్తే అసహ్యపడకండి, మీకు కావలసింది ఆ జిగటే. చాలాకాలంగా చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి మీకు తెలిసినవారి ఇంట్లో ఉంటే, వారి ఫిల్టర్ నుంచి ఒక స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. వారాల పని రోజుల్లో అవుతుంది.

అప్పటివరకు రోజూ అమ్మోనియా కొలవండి. నేను వాడే పరీక్షలో నీళ్లు పసుపుగా ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. రంగు మారిన రోజున పావు వంతు నుంచి సగం వరకు నీళ్లు మార్చండి. పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకెను) కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే అది 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విష రూపంలో ఉండే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది.

మూడవ సమాధానం

తొట్టి పరిమాణం గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. 40 లీటర్లు మూడు గోల్డ్‌ఫిష్‌లకే కాదు, ఒక్కదానికి కూడా చాలవు. గుండ్రని ఒడలు, జంట తోక ఉన్న రకాలైతే మొదటి చేపకు 75 లీటర్లు, తర్వాతి ప్రతి చేపకు మరో 40 లీటర్లు అన్నది చాలామంది పాటించే లెక్క. ఒంటి తోక ఉన్న మామూలు రకం 25 సెంటీమీటర్లు దాటి పెరగగలదు, దానికి చెరువులాంటి చోటే తగినది. సరిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే ప్రాణి ఇది.

మేత విషయంలో, గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఎప్పుడు చూసినా అడుగుతున్నట్టే ఉంటుంది కాబట్టి దాని చూపును చూసి మేత వేయకూడదు. రెండు నిమిషాల్లో ముగించేంత చాలు. హీటర్ అవసరం లేదు. 18 నుంచి 22 డిగ్రీల నీళ్లలో ఇవి హాయిగా ఉంటాయి, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో నిలిచే ప్రాణవాయువు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. ఇరవై నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రెండు చేపలూ బతికాయి. బంధువుల ఇంటి నుంచి తెచ్చిన స్పాంజి ముక్క ఫిల్టర్‌లో ఉంది. అమ్మోనియా పరీక్ష ఆరు రోజులుగా పసుపుగానే వస్తున్నది, కానీ నైట్రైట్ ఇంకా కనిపిస్తున్నది. తెల్ల చేప తోక అంచున, ఎర్ర గీతలు ఉన్నచోట, ఇప్పుడు మసి అంటినట్టు నల్లని మచ్చలు వచ్చాయి. ఇది కొత్త జబ్బా? 120 లీటర్ల తొట్టిని కూడా తీసుకున్నాము, ఇంకా నింపలేదు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషం. ఆ నలుపు సాధారణంగా కాలినచోటు మానుతున్నప్పుడు వచ్చేది. నీళ్లు బాగుంటే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. నైట్రైట్ మాత్రం రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది, కాబట్టి అది సున్నా అయ్యేవరకు నీళ్లు మార్చడం ఆపవద్దు. తొట్టిలో మొక్కలు లేకపోతే లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పును విడిగా కరిగించి కలపండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

పెద్ద తొట్టికి మారే రోజున కొత్త ఫిల్టర్‌తో పాటు పాత ఫిల్టర్‌ను కూడా అందులోనే నడపండి. పాత స్పాంజిని గట్టున పెట్టి ఆరనివ్వకండి. మొదట కొత్త తొట్టిని క్లోరిన్‌ను విరిచే మందు కలిపిన నీళ్లతో నింపి సిద్ధం చేసుకొని, ఆ తర్వాతే పాత ఫిల్టర్‌ను ఆపి, స్పాంజిని పాత తొట్టి నీళ్లున్న బకెట్‌లో మునిగేలా ఉంచి తీసుకెళ్లండి.