బాత్రూం నల్లా కారుడు ఆగుతలేదు, ఎవ్వలన్న చెప్పుండ్రి

నల్గొండ పోరడు:
అన్నలు, పొద్దుగాల సంది దీనితోనే కొట్లాడుతున్న, నల్లా గోడ కాడికి విప్పిన, టెఫ్లాన్ టేపు దండిగ సుట్టి మల్ల బిగించిన, అయినా టప్పు టప్పుమని కారుతనే ఉంది, షాపాయన వాషర్ ఇచ్చిండు గని లోపల అది ఎయ్యనీకె జాగనే లేదు. ప్లంబర్‌ను అడుగుతే రేపు మాపు అంటుండు, ఇంటి నిండ చుట్టాలు. ఏం చెయ్యాలె?

దేవరకొండ:
ఏ నల్లా? ఏడ కారుతుంది?

నల్గొండ పోరడు:
బాత్రూం నల్లా అని పైన రాసిన గదా అన్న.

మునుగోడు పెద్దసారు:
తమ్ముడూ, నల్లా సంగతి తర్వాత, ముందుగాల ఆ నీళ్లు బోరువా కృష్ణావా చూసుకో. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటే తాగొద్దు. కొందరు మరగబెట్టి తాగుతరు, మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గి ఇంకింత చిక్కబడుతది. పటిక, సున్నం ఏసి తేర్చే పద్ధతికి నాగపూర్ నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు మన జిల్లా పేరే పెట్టిండ్రు, నల్గొండ టెక్నిక్ అని. ఇయ్యాల్రేపు పోరలకు ఇది తెల్వనే తెల్వదు.

మిర్యాలగూడ మెకానిక్:
సారూ, ఆయన అడిగింది తాగే నీళ్ల గురించి కాదు. నల్లాకు తెల్లగ పేరుకునేది కూడా ఫ్లోరైడ్ కాదు, సున్నం. తమ్మీ, టేపు పనికొచ్చేది గోడ కాడ త్రెడ్‌లకెళ్లి కారితేనే. నీది మూతి కాడ కారుతుందా, పిడి కింద మెడ కాడనా?

నల్గొండ పోరడు:
మూతి కాడ్నే. ఇంకో డౌట్ అన్న, త్రెడ్ కొలుస్తే 21 ఎంఎం వచ్చింది, షాపాయనేమో 15 ఎంఎం నల్లా అంటడు. ముప్పావు ఇంచుది కొనాల్నా?

హాలియా:
షాపోల్లు గట్లనే మోసం చేస్తరు. అర ఇంచంటే 12.7 కావాలె, 15 ఏడికెళ్లి వచ్చింది?

మిర్యాలగూడ మెకానిక్:
మోసమేం లేదు. అర ఇంచన్నా 15 ఎంఎం అన్నా అది పైపు సైజు పేరు, టేపు పెట్టి కొలిచేది కాదు. దాని త్రెడ్ బయటకెళ్లి 21 దాకనే వస్తది. ముప్పావుది తెస్తే పట్టదు.

హాలియా:
మరి 21 అని రాస్తే ఏం పోతది, ఉన్న మాట రాయరాదు?

దేవరకొండ:
అరే, పిడి ఎంత తిప్పితే బందయితది? అది చెప్పు.

నల్గొండ పోరడు:
కొద్దిగ ఇట్లంటే బందయితది, పావు చుట్టు. ఎందుకు?

దేవరకొండ:
దానికి వాషరుండదు. కార్ట్రిడ్జ్ ఉంటది, నీళ్లు ఆపే బిళ్లలున్న ముక్క.

మిర్యాలగూడ మెకానిక్:
ఈ ముక్క ముందే చెప్తే అయిపోవు గదా. మిద్దె మీద ట్యాంకి కాడ వాల్వు బంద్ చెయ్యి, నల్లా తెరిచి పైపుల నీళ్లన్ని పోనియ్యి, మోరీ జాలి మీద బట్ట పరువు, స్క్రూ అండ్ల పడ్డదంటే ఇగ దొరకదు. పిడి మీది మూత గోటితోని లేపితే కింద స్క్రూ ఉంటది. పిడి గుంజినంక పానాతోని కార్ట్రిడ్జ్ ఇప్పు, పానాకు బట్ట సుట్టు, లేకుంటే పాలిష్ పోతది. అండ్ల రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాన్నొకటి అతుకోని ఉంటయి, నడుమ ఇసుక రవ్వ ఇరికినా సున్నం పట్టినా కారుతది. నిమ్మరసంల నానబెట్టి కడుగు, చాకుతోని గీకకు. కింది రబ్బరు రింగు చినిగిందేమో చూడు. బిళ్ల మీద గీత పడ్డదంటే ఇగ కొత్తదే, పాతది చేతిల పట్టుకోని షాపుకు పో, పిడి కూసునే కాడ పండ్ల అసోంటి గాట్ల లెక్కల తేడా ఉంటే పిడి పట్టదు, తిరిగే దిక్కు కూడా కలవాలె. పెట్టేటప్పుడు తెరిచి ఉన్నట్టే ఉంచి బిగించు.

మునుగోడు పెద్దసారు:
సెకనుకో చుక్క అనుకున్నా రోజుకు 86,400 చుక్కలు. ఆ నీళ్లు చెట్లకన్న పోయాలె.

నల్గొండ పోరడు:
ఇసుకనే ఇరికింది. ఆగింది అన్న, థ్యాంక్స్.

హాలియా:
నాది మెడ కాడ కారుతుంది, అదీ కార్ట్రిడ్జేనా? పాత ఇత్తడిది, నాలుగు చుట్లు తిప్పాలె.