సముద్రం లేని కడప వైపు ఓడల బడి కావాలని అర్జీ పెడితే తప్పా?

ముగ్గురాయి_లారీ (రాజంపేట)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

నేను పదకొండేళ్లు మంగంపేట నుంచి ముగ్గురాయి (బెరైటీస్ ఖనిజం) లోడు వేసుకుని కృష్ణపట్నానికి, మద్రాసు హార్బరుకు లారీ తోలాను. నడుము దెబ్బతిన్నాక లారీ అమ్మేసి రాజంపేటలో టైర్ల కొట్టు పెట్టుకున్నాను. ఈ ఏడాది మా పల్లె హైస్కూల్ కమిటీకి నన్ను చైర్మన్ చేశారు. గొంతు పెద్దదని చేశారు గానీ, చదువుకున్నానని కాదు.

పోయిన నెల మీటింగులో ప్రభుత్వానికి ఏమేం అడుగుదామని మాట వచ్చింది. ఒకరు ప్రహరీ గోడ అన్నారు, ఒకరు బాత్రూములన్నారు. అవీ కావాల్సినవే. నేను మాత్రం, మన వైపు ఒక సర్కారు బడిలో తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఓడ ఉద్యోగాలకు పిల్లల్ని తయారుచేసే చదువు పెట్టమని అడుగుదామన్నాను. హాలంతా ఒకటే నవ్వు. "చైర్మనూ, యాడుందప్పా సముద్రం? చెయ్యేట్లో తోలతావా ఓడ?"

నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్తాను. పోర్టు దగ్గర అన్‌లోడింగ్ కోసం ఒక్కోసారి రెండు రోజులు లైన్లో ఉండేవాళ్లం. ఒకసారి టీ బంకు దగ్గర ఇద్దరు ఓడ కుర్రాళ్లు సిమ్ కార్డు కోసం తిరుగుతున్నారు. ఒకడిది కేరళ, ఇంకొకడిది శ్రీకాకుళం. తెలుగు వినపడేసరికి శ్రీకాకుళం అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. చదివింది పదో తరగతి. జీతం ఎంతని అడిగితే చెప్పాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మా ఊరి ముగ్గురాయి ఓడెక్కి ఎక్కడెక్కడి ఆయిలు బావులకో పోతోంది, మా పిల్లలు మాత్రం కువైట్‌లో ఇంటి డ్రైవర్లుగా పోతున్నారు. ఆ మాట అప్పటి నుంచి తొలుస్తూనే ఉంది.

ఇక మా అక్క కొడుకు సంగతి. పది పాసై, ఇంటర్‌లో చేరి ఆరు నెలలకే మానేశాడు. కొన్నాళ్లు ఖాళీగా తిరిగాడు. అప్పుడు దొరికాడొక ఏజెంటు. అక్క కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి పంపిన 2,60,000 రూపాయలు అతని చేతిలో పోసింది. ఎక్కడో అద్దె మేడ మీద 45 రోజులు క్లాసులు చెప్పి, లంగరు బొమ్మ, బంగారు రంగు సీలు ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. అంత అందమైన కాగితం నా లారీ మొత్తం ఫైల్లో ఒక్కటి లేదు. ఆ సంస్థకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) గుర్తింపే లేదని మాకు తెలిసేసరికి ఏజెంటు ఫోను స్విచ్చాఫ్.

సరే, అప్పో సప్పో చేసి అసలైన కోర్సుకే పంపుదామని, ముందు మెడికల్ కోసం చెన్నైలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన రంగు చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో 12. వాడూ చదివాడు, పక్కన నిలబడి నేనూ చదివాను. ఇంకో పేజీలో నాకు 74 కనిపిస్తోంది, వాడు 21 అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడేమోనని వాడి మొహం చూశాను. డాక్టరు ఏమీ అనకుండా ఇంకో పేజీ తిప్పాడు. అందులో అంకే లేదన్నాడు వాడు. పంతొమ్మిదేళ్ల వాడికి ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలియదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మదనపల్లె వైపు టమాటా కోతలకు పోయినప్పుడు దోరవీ పచ్చివీ కలిపి కోసుకొస్తే, ఒళ్లు బద్ధకమని తిట్టేవాళ్లం.

అమెరికాలో సియాటిల్ పక్కన 2021లో మారిటైమ్ హైస్కూల్ అని సర్కారు బడే పెట్టారంట. మా కస్టమర్ కొడుకు అక్కడే ఉంటాడు, చెప్పాడు. ఫీజు లేదు, అక్కడి పోర్టు కూడా చెయ్యి కలిపింది. అంత దూరం ఎందుకు, సరిహద్దు లేని కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ పెట్టారు కదా? అప్పుడు ఎవరూ నవ్వలేదే.

సర్కారు డబ్బుతో ఇలాంటి బడి అడగడం న్యాయమేనా? అయితే అర్జీలో ఏమని రాయాలి? నవ్వాలనిపిస్తే నవ్వండి, నవ్వాక రెండు ముక్కలు రాయండి.

డెక్_మేస్త్రి (నంద్యాల)

అన్నా, నవ్వడానికేముంది. నేను మొట్టమొదట సముద్రం చూసింది ట్రైనింగ్‌కు పోయిన రోజే. ఇప్పుడు బోసన్‌ని, అంటే డెక్ మీద మేస్త్రి అనుకో. లీవులో ఇంట్లో ఉన్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

ముందు మీ అబ్బాయి విషయం. ఆ రంగుల పరీక్షలో ఎవరూ సర్దుకుపోరు. రాత్రిపూట ఓడకు ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క పచ్చ లైటు ఉంటాయి. ఎదుటి ఓడది ఏ రంగు కనిపిస్తోందన్నదాన్ని బట్టే అది ఎటు పోతోందో మనకు తెలిసేది. లారీ హెడ్‌లైట్లలాగా రెండూ ఒకటే అయితే బాధే లేదు. వాడి తప్పేం లేదని వాడికి చెప్పు.

రెండోది డబ్బు. ఉద్యోగం ఇప్పిస్తామని నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. మన దేశం 2015లో ఒప్పుకున్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లోనే ఆ మాట ఉంది. మెడికల్, పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) ఖర్చులు మనవి. ఓడ ఎక్కించే ఖర్చు ఓనరుది. ట్రైనింగ్ ఫీజు వేరే, అది మనం కట్టాల్సిందే. ఏ సంస్థకు గుర్తింపు ఉంది, ఏ కంపెనీకి ఆర్‌పీఎస్ (నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే) లైసెన్సు ఉంది అన్నది డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలు ప్రతి హైస్కూల్ నోటీసు బోర్డు మీద అంటిస్తే చాలు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు బడి సంగతి. జీపీ రేటింగ్‌కు, అంటే ఓడ మీద డెక్, ఇంజన్ పనులు చేసే నావికుల ట్రైనింగ్‌కు, పదో తరగతి చాలు. మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో 40 శాతం. కానీ వయసు పదిహేడున్నర నిండాలి. మన పిల్లలు పది పాసయ్యేది పదిహేను, పదహారుకు. ఆ మధ్యలో ఉన్న రెండేళ్లు చూడు అన్నా. నువ్వు రాసిన కథంతా ఆ రెండేళ్లతోనే మొదలైంది. ఓడ ఉద్యోగం కావాలనుకున్న పిల్లాడికి ఆ రెండేళ్లలో సర్కారు చూపించే దారి లేదు. ఏజెంటు చూపిస్తాడు. అర్జీలో ఈ రెండేళ్ల గురించి రాయి.

ట్రైనింగ్ ఆర్నెల్లే. మా బ్యాచ్‌లో సీమ వాళ్లం నలుగురం, నలుగురికీ ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసి ప్లాట్‌ఫామ్ మీద నిలబెట్టారు. ఒక చేత్తో ముక్కూ నోరూ మూసుకోవాలి, ఇంకో చేత్తో జాకెట్ అదిమి పట్టుకోవాలి, కిందికి చూడకుండా ఒక అడుగు ముందుకు వెయ్యాలి. దూకడం కాదు, అడుగు వెయ్యడమే. నేను మూడుసార్లు అంచుదాకా పోయి వెనక్కొచ్చాను. మా నాయన తరం బావిలో బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నారు. మా తరానికి బావులు ఎండి బోర్లు వచ్చాయి. బోరులో ఏం ఈదుతాం?

రిటైర్డ్_ట్రెజరీ (అనంతపురం)

చైర్మన్ గారూ, ముప్పై రెండేళ్లు బిల్లులు చూసినవాణ్ణి, కాస్త చేదుగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

బడి కట్టడానికి డబ్బు దొరుకుతుంది. శంకుస్థాపనకు, శిలాఫలకానికి తప్పకుండా దొరుకుతుంది. ఐదో సంవత్సరం కరెంటు బిల్లుకు దొరకదు. మా వైపు ఒక కాలేజీలో వృత్తి విద్య కోసం మిషన్లు కొన్నారు. ఇన్‌స్ట్రక్టర్ బదిలీ అయ్యాడు, గది తాళంచెవి ఆయన జేబులోనే వెళ్లిపోయింది. ఆడిట్‌కు వెళ్లినప్పుడు కిటికీలోంచి లెక్కపెట్టుకొచ్చాం.

సమగ్ర శిక్షలో వృత్తి విద్యకు పద్దు ఉంది, కేంద్రం 60, రాష్ట్రం 40. కాబట్టి డబ్బు ఏ దారిన వస్తుందన్నది పెద్ద ప్రశ్న కాదు. ఓడ మీద డాలర్లు తీసుకునే మనిషి, కాంట్రాక్ట్ ఇన్‌స్ట్రక్టర్ జీతానికి మన ఊరు వచ్చి పాఠం చెప్తాడా? ఓడ ఎక్కని వాడు చెప్తే అది ఓడ చదువు అవుతుందా?

పైగా ఉన్నవాటినే మనం వాడుకోవడం లేదు. వైజాగ్‌లో 1981 నుంచి సిఫ్‌నెట్ యూనిట్ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. పది పాసైన పిల్లలకు వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అని రెండేళ్ల కోర్సులు. చేపల వేట ఓడలకు పనికొచ్చే చదువు అది. మీ హైస్కూల్ నుంచి ఇప్పటిదాకా ఎంతమంది దరఖాస్తు చేశారో కనుక్కోండి. ఒక్కరూ లేకపోతే, కొత్త బడి అడిగే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఫిజిక్స్_మేడం (ఆదోని)

ట్రెజరీ సార్ చెప్పిన తాళంచెవి మా కాలేజీలోనూ ఒకటి ఉంది సార్, దాని గురించి రాస్తే రేపు నాకు మెమో వస్తుంది.

కొత్త భవనం వద్దన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ సముద్రం పక్కన లేకపోతే బడి నడవదన్న మాటకు ఒప్పుకోను. న్యూయార్క్‌లో హార్బర్ స్కూల్ అని ఒక సర్కారు హైస్కూల్ ఉంది. 2003లో మొదలైంది, నీళ్ల ఒడ్డున కాదు, బ్రూక్లిన్‌లో బుష్విక్ అనే బస్తీలో. గవర్నర్స్ ఐలాండ్‌కు మారింది 2010లో. అంటే ఏడేళ్లు ఊరి మధ్యలోనే నడిచింది. ఇప్పుడు పిల్లలు ఫెర్రీ ఎక్కి బడికి పోతారు. పడవ నడపడం, నీటి కింద డైవింగ్, ఆల్చిప్పల పెంపకం, అన్నీ బడి చదువులో భాగమే.

చైర్మన్ గారూ, నా భయం ఒకటుంది. తొమ్మిదో తరగతి నుంచే ఓడ చదువని విడదీస్తే, మెడికల్‌లో పోయిన పిల్లాడి గతేంటి? మీ మేనల్లుడి లాంటి వాడు మళ్లీ మొదటికొస్తాడు. అందుకే ఎంపీసీనే ఉంచండి. ఉన్న ఒక గురుకుల జూనియర్ కాలేజీలో ఒక్క సెక్షన్ అడగండి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలో 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 తెచ్చుకుంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసి ఆఫీసర్ దారిలో పోవచ్చు. అన్ని మార్కులు రాకపోతే జీపీ రేటింగ్ ఉంది. రెండూ కాదనుకుంటే చేతిలో మామూలు ఇంటర్ సర్టిఫికెట్ ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు.

ఇంకో మాట. ఈ పోస్టు మొత్తంలో అందరూ "కుర్రాళ్లు", "పిల్లాడు" అనే రాశారు. నా క్లాసులో వెక్టర్లు అందరికన్నా ముందు చేసేది ఒక అమ్మాయి. గాలి ఇటు, ప్రవాహం అటు ఉంటే పడవ ఎటు పోతుందన్న లెక్క. ఆ అమ్మాయి పడవ చూసింది సినిమాల్లోనే. అర్జీలో "బాలబాలికలకు" అని రాయండి.

డెక్_మేస్త్రి (నంద్యాల)

ట్రెజరీ సార్, మాస్టర్ల గురించి మీరడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ మేం ఏడాది పొడుగునా ఓడ మీద ఉండం. కాంట్రాక్ట్ అయిపోతే మూడు నాలుగు నెలలు ఇంట్లోనే. మొదటి నెల నిద్ర, రెండో నెల పెళ్లిళ్లు, మూడో నెల నుంచి ఇంట్లో వాళ్లకు మేం అడ్డం. అప్పుడు వారానికి రెండు రోజులు పిలిస్తే టీఏ ఇచ్చినా వస్తాం. ముడులు, లైట్లు, ఓడ మీద మాట్లాడే ఇంగ్లిష్, ఇవి నేను చెప్పగలను. సీమలో నాలాంటి వాళ్లు నాకు తెలిసి పది మంది దాకా ఉన్నారు. మిషన్లు కొనొద్దు. తాడు, బోర్డు, ఈత కొలను, అంతే.

రిటైర్డ్_ట్రెజరీ (అనంతపురం)

తాడుకు తాళం వెయ్యరు. ఒప్పుకున్నాను. గెస్ట్ ఫ్యాకల్టీ గౌరవ వేతనం అని విడిగా ఒక లైను రాయండి. "తదితర ఖర్చులు" అని మాత్రం రాయకండి, మొదట కొట్టేసేది దాన్నే.

ముగ్గురాయి_లారీ (రాజంపేట)

అందరికీ దండాలు. పది రోజులు ఆలస్యమైంది, అర్జీ తిరగరాయడంలో పడ్డాను.

కొత్త బడి అన్నది కొట్టేశాను. ఉన్న గురుకులంలో ఒక ఎంపీసీ సెక్షన్, బాలబాలికలకు. సెలవులో ఉన్న ఓడ వాళ్లకు గౌరవ వేతనం, విడి లైనులో. పదిహేడున్నర నిండి సీటు తెచ్చుకున్న పిల్లలకు ఆర్నెల్ల ట్రైనింగ్ ఫీజు సర్కారు కట్టాలని గట్టిగా రాశాను. ఫీజు కట్టలేకనే మా వాళ్లు ఏజెంటుకు దొరుకుతారు, అది నాకు తెలుసు.

ఈత మీద కమిటీలో పెద్ద గొడవే అయింది. 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు చెయ్యేరు ఏం చేసిందో మా వైపు ఎవరూ మరిచిపోలేదు. ఒకావిడ లేచి "నీళ్ల దగ్గరికి పిల్లల్ని పంపే మాటే ఎత్తొద్దు" అంది. ఇంకొకావిడ పుట్టిల్లు ఆ వరదలో దెబ్బతిన్న పులపత్తూరులో. ఆమె చాలాసేపు కింద చూస్తూ కూర్చుని, "రాయండి. ఈత రాయండి" అంది. దాని మీద ఇంకెవరూ మాట్లాడలేదు.

ఇంకో పని అర్జీ కోసం ఆగకుండా చేసేశాం. తెలిసిన కంటి డాక్టరు దగ్గర ఆ చుక్కల పుస్తకం ఒక పూటకు అడిగి తెచ్చాను. ఆయన అసిస్టెంటే వచ్చి ఎనిమిది, తొమ్మిది తరగతులకు చూశాడు. వరండాలో వెలుతురు బాగుంటుందని అక్కడ బెంచీ వేశాం. ఇద్దరు మగపిల్లలు 74ను 21 అన్నారు. ఈసారి నేను వాళ్ల మొహం చూడలేదు, పుస్తకమే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఒక పిల్లాడి తల్లి కొట్టుకొచ్చింది. ఓడ గీడ ఆమెకు పట్టలేదు. "అన్నా, మావాడు లారీ అన్నా తోలతాడా?" అని అడిగింది. తోలతాడమ్మా, తేడా మరీ ఎక్కువ లేకపోతే లైసెన్సు ఇచ్చేలా 2020లో రూలు మార్చారు, డాక్టరు కాగితం తెచ్చుకోవాలి అని చెప్పాను.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. డెక్ మేస్త్రీ, నీ లీవు ఎప్పటిదాకా?