హెసరఘట్ట గడ్డి మైదానంలో చూసినది కామన్ బజర్డేనా?

నెల్లూరు_పిచ్చుక:

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాను. మొన్న ఆదివారం నాన్నగారిని తీసుకుని ఊరి శివార్లలోని హెసరఘట్ట గడ్డి మైదానానికి వెళ్ళాను. మట్టిదారి పక్కన చెదల పుట్ట మీద ఒక వేట పక్షి కూర్చుని ఉంది. వీపు ముదురు గోధుమ రంగు, తల, రొమ్ము లేత రంగు, పొట్ట దగ్గరకు వచ్చేసరికి ఇటుక రంగు. కారు తలుపు చప్పుడుకు లేచి, గాలిలో చుట్లు తిరుగుతూ పైకి వెళ్ళిపోయింది. ఫొటోలు జతచేశాను. అన్నీ కింది నుంచి తీసినవే.

ఉద్యోగం మీద యార్క్‌షైర్‌లో ఉన్నప్పుడు కామన్ బజర్డ్‌లను తరచూ చూసేదాన్ని. రోడ్డు పక్క స్తంభాల మీద ఉండేవి, దున్నిన పొలాల్లో నడుస్తూ వానపాములు ఏరుకునేవి. పైన తిరుగుతూ పిల్లికూనలా కూసేవి. ఇది అచ్చం అలాగే ఉంది. ఫోనులోని యాప్ కూడా కామన్ బజర్డ్ అనే చెప్పింది. నాన్నగారు మాత్రం ఒప్పుకోరు. "అది గద్దే, మా కోడిపిల్లలను ఎత్తుకుపోయిన వంశమే" అని తేల్చేశారు. ఇంతకీ ఇది ఏమిటి? బజర్డే అయితే ఇంగ్లండు పక్షి ఇక్కడికి ఎలా వచ్చింది?

యలహంక_దుర్భిణి:

ముందుగా మీ నాన్నగారి మాట తీసుకుందాం, ఎందుకంటే బెంగళూరు ఆకాశంలో వందకు తొంభై సార్లు ఆయనే గెలుస్తారు. గద్ద తోక చివర చీలి ఉంటుంది, ఎగిరేటప్పుడు దాన్ని అటూ ఇటూ మెలి తిప్పుతుంది. తోక ఈకలు రాలి కొత్తవి వచ్చే కాలంలో ఆ చీలిక కనిపించదు, పూర్తిగా విప్పినా కనిపించదు. చాలామంది బోల్తా పడేది అక్కడే. మీ రెండో ఫొటోలో తోక గుండ్రం, పొట్టి. రెక్క చివర విడివిడిగా కనిపించే ఈకలు ఐదు. గద్దకు ఆరు ఉంటాయి. కాబట్టి ఈసారికి నాన్నగారు ఓడారని మెల్లగా చెప్పండి.

తేనె గద్ద (ఇంగ్లీషులో హనీ బజర్డ్) కూడా కాదు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల మీద తిరిగే ఆ పక్షికి తల చిన్నది, మెడ ముందుకు సాగి ఉంటుంది, తోక పొడవు. దానికీ రెక్క చివర ఆరు ఈకలే. పేరులో బజర్డ్ ఉన్నా అసలు బజర్డ్‌లకు దగ్గరి చుట్టం కాదు. తినేది కందిరీగల, తేనెటీగల పిల్లపురుగులను. కుట్టకుండా ముఖం మీద పొలుసుల్లాంటి గట్టి ఈకలు ఉంటాయి.

హెసరఘట్టలో ఏడాది పొడవునా ఉండే తెల్లకంటి బజర్డ్ సంగతి చూద్దాం. అది చిన్నది, సన్నగా ఉంటుంది. గొంతు మధ్య నిలువుగా నల్లటి గీత ఉంటుంది, ఎదిగిన పక్షికి కన్ను తెల్లగా మెరుస్తుంది. మీ పక్షి గొంతు మీద గీత లేదు, ఒళ్ళు బొద్దుగా ఉంది. పైగా చుట్లు తిరిగేటప్పుడు రెక్కలను కొంచెం పైకెత్తి పట్టింది. ఆ భంగిమ నాకు నచ్చింది. బ్యూటియో ప్రజాతి, అంటే అసలు బజర్డ్‌ల కుటుంబపు పక్షి చూశారు, సందేహం లేదు.

అక్కడి నుంచి కామన్ బజర్డ్ అనడానికి మాత్రం నేను ఒప్పుకోను. యాప్‌ను అసలే లెక్కలోకి తీసుకోను. ఈ పక్షి రంగులో నిలకడే లేదు. ఒకే జాతిలో దాదాపు తెల్లగా ఉండేవీ, చాక్లెట్ రంగువీ, మధ్యలో అన్ని ఛాయలూ కనిపిస్తాయి. కామన్ బజర్డ్ పొడవు 40 నుంచి 58 సెంటీమీటర్లు, రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 109 నుంచి 136. అదే ప్రజాతిలోని పొడుగుకాళ్ళ బజర్డ్ దానికంటే పెద్దది. తల లేతగా, పొట్ట, తొడలు ఇటుక రంగులో, తోక చారలు లేకుండా లేత నారింజ రంగులో ఉంటాయి. మీ వర్ణన దానికే ఎక్కువ సరిపోతోంది. చిక్కు ఎక్కడంటే, రష్యా వైపు నుంచి వలస వచ్చే కామన్ బజర్డ్‌లోనూ ఇటుక రంగు తోక ఉంటుంది. అందులో సన్న చారలు, చివర ముదురు పట్టీ కనిపించాలి. మీ ఫొటోలో తోక ఎండకు తెల్లబోయింది.

ఇక ఇంగ్లండు సంగతి. అక్కడి బజర్డ్‌లు ఎక్కడికీ పోవు, ఏడాదంతా అక్కడే ఉంటాయి. దూరదేశాలకు వలస వెళ్ళేవి రష్యా, ఉత్తర ఐరోపాల నుంచి బయలుదేరే స్టెప్ బజర్డ్ అనే ఉపజాతి. ఎక్కువ భాగం ఆఫ్రికాకు, దాని దక్షిణ కొస దాకా వెళతాయి. నేల వేడెక్కి పైకి లేచే గాలి మీద తేలుతూ పోతాయి. సముద్రం మీద ఆ గాలి లేవదు గనుక నీటిని తప్పించుకుంటూ నేలదారి వెతుక్కుంటాయి. అందుకే జార్జియాలోని బతూమి దగ్గర, నల్లసముద్రానికీ కొండలకూ మధ్య ఉన్న ఇరుకు దారిలో శరదృతువులో వేట పక్షులు పది లక్షలకు పైగా దాటుతాయి. వసంతంలో ఇజ్రాయెల్‌లోని ఐలత్ మీదుగా తిరిగి వెళతాయి. మన దేశం ఈ రహదారికి పక్కన ఉంది. నీలగిరుల వంటి ఎత్తయిన చోట్ల చలికాలంలో దీన్ని చూసినవారున్నారు. హిమాలయన్ బజర్డ్‌ను కూడా ఒకప్పుడు ఇందులోనే కలిపి లెక్కించేవారు గనుక పాత పుస్తకాలను నమ్ముకుంటే ఇంకా తికమక.

దొడ్డబళ్ళాపురం_రాగిచేను:

పేరు ఏదైనా, చలికాలంలో మా వైపు వచ్చే ఈ పక్షులు కోళ్ళ జోలికి రావు. రాగి కోశాక చేనులో ఎలుక బొక్కలు బయటపడతాయి. గట్టు మీద రాయి ఎక్కి గంటల తరబడి కదలకుండా కూర్చుంటాయి, ఎలుక తల బయట పెట్టగానే వాలతాయి. అందుకే మా చేనులో ఎలుకల మందు పెట్టవద్దని మా అన్నయ్యతో రోజూ గొడవ. మందు తిన్న ఎలుకను తింటే పక్షికీ ముప్పే కదా.

నెల్లూరు_పిచ్చుక:

దుర్భిణి గారూ, మీ జవాబు నాన్నగారికి చదివి వినిపించాను. ఈకలు లెక్కపెట్టాక కొంచెం మెత్తబడ్డారు, కానీ కోళ్ళ జోలికి రావన్న రాగిచేను గారి మాట మాత్రం నమ్మలేదు. నా బాధ వేరు. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ సైటులో కామన్ బజర్డ్ అని అప్పుడే రాసేశాను. తీసేయాలా? ఇంత దగ్గరగా చూసి కూడా పేరు రాయలేకపోవడం మింగుడు పడటం లేదు.

యలహంక_దుర్భిణి:

తీసేయనక్కరలేదు, మార్చండి చాలు. జాతి తేలని బ్యూటియోల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. ఫొటోలు అలాగే ఉంచండి. మీరు గమనించలేదు గానీ వాటిలో ఒక మంచి వివరం ఉంది. రెక్క వెనక అంచున ముదురు పట్టీ స్పష్టంగా ఉంది, అంటే ఇది ఎదిగిన పక్షి. పిల్లపక్షుల్లో ఆ పట్టీ మసకగా ఉంటుంది.

చలికాలపు వేట పక్షి నచ్చిన మైదానాన్ని అంత తొందరగా వదలదు, కాబట్టి మళ్ళీ వెళ్ళండి. మరీ పొద్దున్నే వద్దు, నేల వేడెక్కాలి. తొమ్మిదిన్నర, పది మధ్య అది లేవడానికి సిద్ధమవుతుంది. కారు దారి మీదే ఆపండి, ఆదివారాల్లో జీపులను గడ్డిలోకి తోలే మహానుభావుల వెంట పోకండి. నేల మీద గూడు కట్టే పక్షులున్న చోటు అది. కారు దిగకుండా అద్దం దించి తీస్తే పక్షి బెదరదు. సూర్యుడు మీ వెనక ఉండాలి. ఈసారి నాకు కావలసినది పైవైపు ఫొటో, లేచే క్షణంలో వీపు, తోక రెండూ పడాలి. పొడుగుకాళ్ళదైతే తోక పైన చారలేమీ కనిపించవు. కూర్చున్నప్పుడు కాళ్ళు కూడా దగ్గరగా తీయండి. వీలైతే నాన్నగారినీ తీసుకురండి, వచ్చే ఆదివారం నేనూ అటే ఉంటాను.