సీజర్ లాటిన్ వాక్యం: ‘తెర్తియమ్ క్వీ’ దగ్గర కర్త దొరకడం లేదు

గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల మీద రోమన్ సేనాని సీజర్ రాసిన పుస్తకంలో, గాల్ మూడు భాగాలని చెప్పే మొదటి వాక్యమే నన్ను ఆపేసింది. ముందు క్రియ, తర్వాత విభక్తులు చూసుకుంటూ ముక్కలు చేస్తున్నాను. ‘క్వారుమ్ ఊనమ్ ఇంకొలుంత్ బెల్గయ్’ సాఫీగానే వచ్చింది: ఊనమ్ (ఒక భాగాన్ని) ద్వితీయ, బెల్గయ్ (ఒక జనం పేరు) కర్త, ఇంకొలుంత్ అంటే నివసిస్తారు. ‘అలియమ్ అక్వితానీ’లో (ఇంకో భాగం, ఇంకో జనం) అదే క్రియ మళ్లీ ఉందనుకుంటే సరిపోయింది.

చిక్కంతా ‘తెర్తియమ్ క్వీ ఇప్సోరుమ్ లింగ్వా కెల్తయ్, నోస్త్రా గల్లీ అప్పెల్లంతుర్’ దగ్గరే. తెర్తియమ్ అంటే మూడో భాగాన్ని, క్వీ అంటే ఎవరైతే, అప్పెల్లంతుర్ అంటే పిలవబడతారు. లింగ్వాను ప్రథమ అనుకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. అది ‘భాషలో’ అని తర్వాత వెలిగింది. కెల్తయ్‌ని నివసించేవాళ్లుగా తీసుకుంటే ‘క్వీ’ గాలిలో వేలాడుతోంది. మన ‘ఎవరైతే... వారు’లోని ‘వారు’ ఇక్కడ లేదు మరి.

ఇంకొలుంత్‌కు కర్తగా ఆ లేని ‘వారు’ను నేనే ఊహించుకోవాలా, లేక కెల్తయ్‌నే తీసుకోవాలా?