పీహెచ్‌సీ ఆరోగ్య లెక్కలను బాగుచేయాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: ప్రజారోగ్య విద్యార్థిని, విశాఖపట్నం

నమస్కారం. స్థానిక ఆరోగ్య సమాచార వ్యవస్థలను బలోపేతం చేయడంపై పీజీ ప్రాజెక్టు చేస్తూ, నగరం అంచున ఉన్న ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నివేదికలను పరిశీలిస్తున్నాను. ఒకే నెలకు సంబంధించిన ప్రసవాల సంఖ్య హెచ్‌ఎంఐఎస్‌లో (ఆసుపత్రులు నెలనెలా లెక్కలు పంపే ప్రభుత్వ పోర్టల్) ఒకలా, తల్లీబిడ్డల వివరాలుండే ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో ఒకలా, ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో మరోలా ఉంది. ఇంతకంటే విచిత్రం టీకాల లెక్క. పుట్టగానే వేయవలసిన క్షయ టీకా బీసీజీ లక్ష్యంలో సగానికి కూడా చేరలేదు, ఆరు వారాలకు వేసే, ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు మాత్రం లక్ష్యాన్ని దాటిపోయింది. మా గైడ్ గారు కొత్త యాప్ ఒకటి ప్రతిపాదించమంటున్నారు. దానికంటే ముందు చూడవలసినది ఏమైనా ఉందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1: జిల్లా ఆరోగ్య గణాంక విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి

అమ్మా, మీరు చూసిన తేడాల్లో చాలా భాగం అసలు తప్పే కాదు. 2008లో మొదలైన హెచ్‌ఎంఐఎస్ సేవ ఏ ఆసుపత్రిలో జరిగితే ఆ ఆసుపత్రి ఖాతాలో రాస్తుంది. ఆర్‌సీహెచ్ పోర్టల్ మాత్రం గర్భిణిని పేరుతో నమోదు చేసుకుని ఆమె వెంట నడుస్తుంది. మీ పరిధిలోని గర్భిణి నగరంలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ప్రసవిస్తే ఆ కాన్పూ, అక్కడ బిడ్డకు వేసిన బీసీజీ కేజీహెచ్ లెక్కలోకి వెళతాయి. ఆరు వారాల తర్వాత ఆ బిడ్డ ఊళ్లోనే పెంటావాలెంట్ వేయించుకుంటుంది కాబట్టి అది మీ పీహెచ్‌సీకి వస్తుంది. దీనికి తోడు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల మూడో నెలకో ఐదో నెలకో గానీ అత్తవారింటికి వెళ్లదు. అంటే గర్భిణిగా నమోదైంది ఒక మండలంలో, కాన్పు నగరంలో, బిడ్డకు తొలి టీకాలు ఇంకో మండలంలో. ఈ మూడింటినీ ఒక్క పీహెచ్‌సీ నివేదికలో వెతికితే లెక్క కుదరదు. బీసీజీని జిల్లా మొత్తానికి కలిపి చూడాలి, పీహెచ్‌సీ స్థాయిలో పెంటావాలెంట్ మొదటి డోసుకూ మూడో డోసుకూ మధ్య ఎంతమంది తగ్గారో చూడాలి.

అసలు జబ్బు హారంలో, అంటే శాతం కట్టడానికి కింద వేసే లక్ష్య సంఖ్యలో ఉంది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కాబట్టి, 2011 జనాభాకు ఏటా కొంత పెరుగుదల కలుపుతూ లక్ష్యాలు వేస్తూ వచ్చారు. 2011లో సుమారు 42.9 లక్షల జనాభా ఉన్న ఉమ్మడి జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు లేచిన వేగమూ, కొండమీద గూడెం పెరిగిన వేగమూ ఒకటి కాదు గదా! ఉదాహరణకు 5,000 జనాభాకు, వెయ్యికి 16 జననాల చొప్పున 80 మంది శిశువులు రావాలని లెక్క. గర్భస్రావాలను దృష్టిలో పెట్టుకుని పది శాతం కలిపితే 88 మంది గర్భిణులు. అక్కడ నిజంగా 8,000 మంది ఉంటే 128 మంది పుడతారు, కాగితం మీద 160 శాతం సాధించినట్లు కనిపిస్తుంది. ఆ శాతం వెనుక టీకా అందని పిల్లలు హాయిగా దాక్కుంటారు.

జవాబు 2: ఏఎన్‌ఎం, ఏజెన్సీ ప్రాంతం

సార్ చెప్పినదానికి క్షేత్రంలో రాసేవారి తరఫున కొంత కలుపుతాను. 2016లో ఏఎన్‌ఎంలు ట్యాబ్‌లో వివరాలు ఎక్కించే అన్‌మోల్ యాప్ వచ్చినప్పుడు ఇక కాగితం తగ్గుతుందని మాకు చెప్పారు. రిజిస్టర్లు అలాగే ఉన్నాయి, ట్యాబ్ అదనంగా చేరింది. బుధ, శనివారాల్లో టీకాలు వేసి, తల్లీబిడ్డల కార్డు మీద రాసి, రిజిస్టర్‌లో రాసి, సిగ్నల్ దొరికే చోటికి వచ్చాక మళ్లీ ఎక్కించాలి. మా దగ్గర ఒకే గూడెంలో కొర్రా, కిల్లో వంటి ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరున్న స్త్రీలు ముగ్గురు నలుగురు ఉంటారు. ఫోన్ నంబరు ఇవ్వకపోతే యాప్ ముందుకు కదలదు. ఊరంతటికీ రెండే ఫోన్లు ఉన్నప్పుడు ఆశా కార్యకర్త నంబరునే పదిమందికీ వేస్తాం. తర్వాత పైనుంచి ఎవరో ఆ నంబరుకు ఫోన్ చేసి "మీకు ఎన్నో నెల?" అని అడుగుతారు, పాపం ఆ ఆశా వయసు యాభై దాటింది.

ఇంకొకటి. మేము పంపిన లెక్క తిరిగి మా చేతికి రాదు. సమీక్షలో లక్ష్యం ఎందుకు తగ్గిందని అడుగుతారే తప్ప, ఏ గూడెంలో ఏ బిడ్డకు ఏ డోసు మిగిలిందో చూపే జాబితా ఇవ్వరు. ఆ ఒక్క కాగితం నెల మొదట్లో ఇస్తే, మా పనికే అక్కరకు వస్తుంది కాబట్టి మేమే జాగ్రత్తగా రాస్తాం.

జవాబు 3: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రుషికొండ

మీ గైడ్ గారిని నొప్పించకుండా ఆ యాప్ ఆలోచనను పక్కన పెట్టండి. ఓస్లో విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసిన, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ డీహెచ్‌ఐఎస్2 ఎన్నో దేశాల్లో నడుస్తోంది. దానికి సంబంధించిన హిస్ప్ బృందం మన దేశంలో పని మొదలుపెట్టింది కూడా చిత్తూరు జిల్లా కుప్పంలోనే. సాఫ్ట్‌వేర్‌కు కొరత లేదు. క్షయకు నిక్షయ్, అంటువ్యాధులకు ఐహెచ్‌ఐపీ, గర్భిణులకు ఆర్‌సీహెచ్, ఇలా దేనికది విడిగా ఉండటమే సమస్య. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య మనిషిని గుర్తించడానికి పనికొస్తుంది గాని, ప్రతి పోర్టల్‌లోనూ ఆసుపత్రికి ఒకే కోడ్ లేకపోతే అన్నింటినీ కలపడం కష్టమే.

విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. అయితే యాప్ మానేసి, రిజిస్టర్లను తిరిగి లెక్కించి పోర్టల్‌తో పోల్చాలనుకుంటున్నాను. ఎన్ని నెలలు చూడాలి? ఏయే అంశాలు తీసుకోవాలి?

జవాబు 1 రాసినవారు

వరుసగా మూడు నెలలు చాలు. గర్భిణుల తొలి నమోదు, పీహెచ్‌సీలో జరిగిన ప్రసవాలు, పెంటావాలెంట్ మూడో డోసు తీసుకోండి. రిజిస్టర్‌లో మీరు లెక్కించిన సంఖ్యను పోర్టల్‌లోని సంఖ్యతో భాగించండి. ఫలితం ఒకటికి పది శాతం అటూ ఇటూ ఉంటే సాధారణంగా సర్దుకుపోతారు. ఒకటికి బాగా తగ్గితే ఎక్కువ చేసి పంపారని, బాగా మించితే చేసిన పనే నమోదు కాలేదని అర్థం. ఖాళీ గడులను విడిగా రాసుకోండి: ఆ నెల ప్రసవమే లేకపోతే సున్నా ఉండాలి, ఖాళీ ఉంటే నివేదిక రాలేదన్నమాట, ఈ రెండూ కలిసిపోతే సగటు మొత్తం తారుమారవుతుంది. తేడా దొరికినప్పుడు ఏఎన్‌ఎం గారిని నిలదీయకుండా, ఆ సంఖ్య ఏ కాగితం నుంచి ఏ కాగితానికి ఎలా చేరిందో పక్కన కూర్చుని చూడండి. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయం అనుమతి, మీ కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. రిజిస్టర్ పేజీలను మాత్రం ఫోన్‌తో ఫొటో తీయకండి, అందులో తల్లుల పేర్లు, వారి ఆరోగ్య వివరాలు ఉంటాయి.